కుడి పక్క మైదానం

ఆ ఎండాకాలం మా తమ్ముడు సెలవు మీద ఇంటికొచ్చేసరికి యుద్ధం మూడో ఏడులో పడింది. సముద్రం అవతల, మనతో సరిహద్దు కూడా లేని దేశంలో జరుగుతున్న యుద్ధం. ఎందుకు మొదలైందో మొదట్లో అందరికీ తెలుసు. తర్వాత తర్వాత కారణం మారుతూ వచ్చింది. మారిన ప్రతిసారీ పాత కారణాన్ని ఎత్తకుండా ఉండటం ఊళ్ళో ఒక మర్యాద అయిపోయింది.

ఆ మర్యాద మా ఇంట్లో చెల్లేది కాదు. నాన్నకి మైక్ సెట్ షాపు ఉంది. ముందు గదిలో షాపు, వెనక గదుల్లో మేము. దేశ అధినేత ఊరికి ఎప్పుడొచ్చినా సభకి మైకులు కట్టేది నాన్నే. జనం ప్రసంగం మధ్యలో లేచిపోవచ్చు, యాంప్లిఫయర్ ముందు కూర్చున్నవాడు లేవకూడదు. అందుకని అన్ని ప్రసంగాలూ మొదటి నుంచి చివరిదాకా విన్న మనిషి ఊరి మొత్తానికి ఆయనొక్కడే అయ్యాడు.

"మొదటిసారి వానల్లోపు అయిపోతుందన్నాడు," అనేవాడు టీవీలో వార్తలు చూస్తూ. "ఏ వానలని మనం అడగలేదు. అది మన తప్పే."

"వాడి ఎదురుగా ఎందుకండీ ఆ మాటలు," అనేది అమ్మ.

తమ్ముడు మాత్రం నవ్వుతూ నాన్న ముఖం వంకే చూస్తూ ఉండేవాడు. ఆ సెలవులో వాడు అందరి ముఖాలూ అలాగే చూశాడు. ఇంతకుముందు మనం మాట్లాడుతుంటే గోళ్ళు కొరుక్కుంటూ ఎటో చూసే మనిషి. ఇప్పుడు మాట మొదలయ్యేలోపే తల తిప్పి, కళ్ళార్పకుండా, చివరిదాకా చూసేవాడు. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు మనుషుల ముఖాలు మనసులో దాచిపెట్టుకుంటారేమో అనుకున్నాను. ఆ ఆలోచన నాకు నచ్చింది, అందుకే దాన్ని తిరగేసి చూడలేదు. మనల్ని అంత శ్రద్ధగా చూసేవాడి మీద మనకెందుకు అనుమానం వస్తుంది?

మా షాపుకి ఎదురుగా సెలూన్ ఉంది. దాని యజమాని నాన్నని వరస కలిపి బావగారూ అనేవాడు. ఒకరోజు చేతిలో కత్తితోనే రోడ్డు దాటి వచ్చాడు.

"బావగారూ, మీరు టీవీతో పెట్టుకునే తగాదా నా కుర్చీ దాకా వినిపిస్తోంది. గడ్డం గీసేటప్పుడు నన్ను నవ్వించకండి, ఎవడి గొంతో తెగుతుంది."

"నవ్వేటంత ఏమన్నాను బావా?"

"నవ్వుకేంలెండి. కానీ సొంత కొడుకు అక్కడుండగా మీరిలా అంటుంటే ఏం బావుంటుంది? అక్కడ ప్రాణాలొడ్డేవాళ్ళని అవమానించినట్టు కాదూ?"

నాన్న వైరు చుట్టడం ఆపలేదు. "నీ కత్తి మొద్దుబారిందని నేనన్నాననుకో. నీ కుర్చీలో మెడ చాపి కూర్చున్నవాణ్ని తిట్టినట్టా?"

సెలూనాయన తన చేతిలో కత్తిని ఒకసారి చూసుకున్నాడు. గుమ్మంలో నిలబడి ఇద్దరి నోళ్ళూ మార్చి మార్చి చూస్తున్న తమ్ముడు పకపకా నవ్వాడు.

"మామయ్యా, అక్కడ మేం తిట్టుకునేది వింటే నాన్నవి దీవెనల్లా ఉంటాయి."

"నువ్వూ తిడతావా?"

"తిడతాం. తిట్టి, బూట్లు కట్టుకుని వెళ్తాం."

సెలూనాయన కత్తి మడిచి వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు నాన్న గురించి కాసేపు ఆలోచించాను. ఆయన తిట్లలో ఎక్కడో ఒక నమ్మకం ఉండేది. తిడుతూ ఉంటే ఎప్పటికైనా అవతల వాళ్ళ చెవిన పడుతుందని. నిజంగా నమ్మకం పోయినవాడు టీవీ కట్టేస్తాడు.

ఎన్నికలు దగ్గర పడటంతో అధినేత సభ మళ్ళీ వచ్చింది. నిర్వాహకుడు షాపుకొచ్చి మైదానం కొలతలు చెప్పాడు. కుడి పక్క ముందు వరసలు సైనికుల కుటుంబాలకట. సెలవు మీద ఉన్న సైనికుల్ని వేదిక మీద నిలబెట్టి జనం చేత చప్పట్లు కొట్టిస్తారట.

"మీ అబ్బాయిని యూనిఫాంలో పంపండి," అన్నాడు.

"ఆ రోజు నాకు డ్యూటీ ఉందండీ," అన్నాడు తమ్ముడు.

"సెలవు కదా బాబూ?"

"అక్కడ సెలవు. ఇక్కడ నాన్న ఇవ్వలేదు."

నిర్వాహకుడు వెళ్ళాక, ఈ సభకి ఎందుకు ఒప్పుకున్నావని నాన్నని అడిగాను.

"ఒప్పుకోకపోతే ఇంకెవడో వచ్చి గరగర శబ్దంతో కడతాడు. ఈయన చెప్పేది మాట మాటా అందరికీ వినపడాలమ్మా. వినపడితేనే కదా, ఏమన్నాడో రేపు గుర్తుండేది."

మా పనిలో ఒక పద్ధతి ఉంది. నాన్న వేదిక వెనక యాంప్లిఫయర్ దగ్గర ఉంటాడు. అక్కడి నుంచి యాంప్లిఫయర్ మీది దీపాలన్నీ వెలుగుతూ కనిపిస్తాయి కానీ మైదానంలో ఏం వినపడుతోందో తెలియదు. నేను వేదిక మీద మైకు ముందు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటాను. స్పీకర్ బాక్సులన్నీ నాకు వీపు పెట్టి ఉంటాయి కాబట్టి నాకూ తెలియదు. తెలిసేది మైదానం నడిమధ్యన నిలబడ్డవాడికే. రెండు పక్కలా సమానంగా ఉంటే చెయ్యి పైకెత్తాలి. ఏ పక్కన తగ్గితే ఆ పక్కకి చెయ్యి చాపాలి. తమ్ముడు నిక్కర్లేసుకునే రోజుల నుంచీ ఆ నడిమధ్య చోటు వాడిది. వాడు సైన్యంలోకి వెళ్ళాక వేరే కుర్రాళ్ళు నిలబడ్డా, నాన్న ఒకటికి రెండుసార్లు తనే వెళ్ళి చూసుకునేవాడు. ఈసారి వెళ్ళలేదు. వాడున్నాడుగా.

"వినిపిస్తోందా దొరగారూ?" అన్నాను మైకులో. "వినిపిస్తే ఆ చెయ్యి కాస్త శ్రమ అనుకోకుండా ఎత్తండి."

ఎండలో, ఖాళీ కుర్చీల మధ్య, వాడు నవ్వుతూ చెయ్యి పైకెత్తాడు. నేను వెనక్కి తిరిగి నాన్నకి సైగ చేశాను.

సాయంత్రానికి మైదానం నిండింది. సైనికుల్ని వేదిక మీదకి పిలిచారు. అందులో మా వెనక వీధి డ్రైవర్ ఒకడు. సైన్యంలో లారీ నడుపుతాడు, తమ్ముడి దళమే. తర్వాత అధినేత మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను మెట్ల పక్కన నిలబడి జనాన్ని చూస్తున్నాను. ఎడమ పక్క చప్పట్లు కొడుతున్నారు. కుడి పక్క ఎవరూ కొట్టడం లేదు. మొదట, వాళ్ళకి కష్టంగా ఉందేమో అనుకున్నాను. తర్వాత వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకోవడం, ఒక ముసలాయన చెవి వెనక అరచెయ్యి పెట్టుకోవడం, ఆడవాళ్ళు తమలో తాము మాట్లాడుకోవడం కనిపించింది. కాసేపటికి ఆ పక్కంతా ఆసుపత్రి వరండాలా అయింది. ఎవరి గొడవ వారిది.

నిర్వాహకుడు పరుగెత్తుకొచ్చాడు. "కుడి పక్క చుక్క శబ్దం లేదండీ! అసలు చూసుకున్నారా?"

నాన్న దీపాల వంక చూశాడు, అన్నీ వెలుగుతూనే ఉన్నాయి. లేచి, వైరు వెంట వంగి నడుచుకుంటూ వెళ్ళాడు. కుర్చీల బండి ఏదో ఎక్కి జాయింటు ఊడిపోయి ఉంది. పొద్దుట్నుంచీ అలాగే ఉందని దుమ్ము చూస్తే తెలిసింది. ఆయన అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని వైరు కలిపాడు. బాక్సులు ఒక్కసారిగా నోరు తెరిచాయి.

"...మరొక్క ఏడాది ఓపిక పట్టండి, మరొక్క ఏడాది!"

ఆ ప్రసంగంలో సైనికుల కుటుంబాలు విన్న మొదటి మాట అది. ఎడమ పక్క చప్పట్లు మోగాయి. కుడి పక్క మాటలు ఆగిపోయాయి. చప్పట్లు మాత్రం అటువైపు దాటలేదు.

సభ అయ్యాక సామాను సర్దుకుంటున్నాం. నాన్న కోప్పడతాడని నేను చూస్తున్నాను. పనిలో తప్పు జరిగితే ఆయన ఎవర్నీ వదలడు, అమ్మని కూడా. తమ్ముడు కింద కూర్చుని వైరు చుడుతున్నాడు. నాన్న వాడి వెనక నుంచి వచ్చి కుడి పక్కన నిలబడ్డాడు.

"ఒరేయ్, ఆ ప్లగ్గు ఇటివ్వు."

తమ్ముడు వైరు చుడుతూనే ఉన్నాడు.

నాన్న మళ్ళీ అడగలేదు. వంగి ప్లగ్గు తనే తీసుకుని సంచిలో వేసుకున్నాడు. అప్పుడు వాడు ఉలిక్కిపడి తలెత్తి, "అడగొచ్చుగా నాన్నా, ఇచ్చేవాణ్ని," అన్నాడు.

"ఏం లేదులే," అన్నాడు నాన్న.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వార్తలు పెట్టలేదు.

మర్నాడు షాపులో నేనూ తమ్ముడూ ఉన్నప్పుడు, వాడి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"ఎప్పట్నుంచి?"

వాడు దాచలేదు. "గోడ పడిన రోజు నుంచి. చెప్పాను కదా, ఒక గోడ పడిందని. దాని శబ్దమే నేను కుడి చెవితో విన్న ఆఖరిది. మెల్లిగా వస్తుందన్నారు. రాలేదు."

"వచ్చే వారం నీకు వైద్య పరీక్ష ఉందిగా?"

"గట్టెక్కుతాను. పెదాలు చూస్తే చాలు. మీ అందరి దగ్గరా గట్టెక్కాను కదా ఇన్నాళ్ళూ." కాస్త గర్వంగానే అన్నాడు.

"ఎందుకురా? ఈ యుద్ధం ఎందుకో నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుందే? మొదలుపెట్టినవాళ్ళకే తెలియదు." స్క్రూడ్రైవర్ తీసి మళ్ళీ పెట్టేశాడు. "అక్కా, నేను తిరిగి వెళ్తేనే అక్కడ ఇంకొకడు సెలవు మీద బయల్దేరతాడు. లెక్క అంతే. నా తర్వాతవాడికి పాప పుట్టి ఏడాది దాటింది, ఇంతవరకు చూడలేదు. సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చుని ఉంటాడు. ఆ సంచి మళ్ళీ విప్పమని వాడికి చెప్పమంటావా?"

వాడు అబద్ధమాడుతున్నది భయంతోనో వెర్రి ధైర్యంతోనో అయితే నాకు సులువుగా ఉండేది. మనిషి తన సంగతి తాను సరిగ్గా తెలుసుకుని తప్పు చేస్తున్నప్పుడు, అవతలివాళ్ళకి పట్టుకోవడానికి కొస దొరకదు.

"ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా అమ్మకి," అన్నాడు.

వంటగదిలోకి వెళ్తే అమ్మ గిన్నెలు తుడుస్తోంది. నేను నోరు తెరవకముందే, "చెప్పాడా?" అంది.

"నీకు తెలుసా?"

"వచ్చిన రెండో రోజే తెలిసింది. కంచం ఎటు పెట్టినా లేచి వచ్చి నాకు కుడి పక్కన కూర్చుంటున్నాడు. ఎడం చెవి నా వైపు ఉండాలని." గుడ్డ పిండి ఆరేసింది. "మీ నాన్నకీ తెలుసు. నిన్నట్నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. వాడికి పరీక్ష చేసే చోటికి నువ్వు కూడా వెళ్ళు. వెళ్ళి డాక్టరుకి చెప్పు."

"నాన్న చెప్పొచ్చుగా?"

"నాన్న చెప్తే, యుద్ధమంటే కోపం కాబట్టి చెప్పాడనుకుంటాడు. నేను చెప్తే తల్లి ప్రాణం కాబట్టి అనుకుంటాడు. నువ్వు చెప్తే..." కాసేపు వెతికింది. "నీకెప్పుడూ దేనిమీదా పెద్దగా కోపం ఉండదు కదే. నువ్వు చెప్తే నిజమనుకుంటాడు."

నన్ను గురించి అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేదు. మెచ్చుకోలు అవునో కాదో మాత్రం తేల్చుకోలేదు.

సైనిక ఆసుపత్రికి తోడు వస్తానంటే తమ్ముడు నన్ను తేరిపార చూసి, "సరే, రా," అన్నాడు. వరండాలో బల్లల మీద వాడి వయసువాళ్ళు చాలామంది కూర్చుని ఉన్నారు. లోపల డాక్టరమ్మ మనిషి సన్నగా, అలసిపోయినట్టు ఉంది. ముందు కళ్ళు చూసింది, గుండె చూసింది. తర్వాత ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి పదాలు చెప్పింది. తమ్ముడు ఒక్కటీ తప్పకుండా తిరిగి చెప్పాడు. బడిలో కూడా వాడెప్పుడూ అంత బాగా అప్పజెప్పలేదు. ఆవిడ కలం తీసింది.

"డాక్టరుగారూ," అన్నాను. "ఒకసారి వాడి వెనక నిలబడి పిలవండి."

తమ్ముడు నా వైపు తిరగలేదు. నా మాట విన్నాడని మెడ బిగించడం చూస్తే తెలిసింది.

డాక్టరమ్మ కలం దించకుండానే నన్ను చూసింది. "అవసరం లేదమ్మా. గదిలోకి వచ్చినప్పట్నుంచీ చూపు నా నోటి మీదే ఉంది. పొద్దుట్నుంచీ అలాంటివాళ్ళని చూస్తూనే ఉన్నాను."

"మరైతే?"

"ఒక చెవి పనిచేస్తే చాలు. పోయిన నెల నిబంధన మార్చారు." ఆవిడ కాగితం మీద సంతకం పెట్టింది. "అది సరికాదని నేను పైకి రాశాను. నాతోపాటు ఇంకొందరూ రాశారు. జవాబు రాలేదు."

"అందరికీ అంతేనా మేడమ్?" అన్నాడు తమ్ముడు.

"అందరికీ అంతే బాబూ."

బయటికొచ్చి వాడు బల్ల మీద కూర్చుండిపోయాడు. తిడతాడేమోనని పక్కనే నిలబడ్డాను. ఎడమ పక్కన.

"నువ్వు చెప్తావని తెలుసులే," అన్నాడు. "దానికేం కాదు."

"మరి?"

వాడు వరండాలో వరసగా కూర్చున్నవాళ్ళని చూస్తున్నాడు. పిలుపు కోసం తలుపు దగ్గర నిలబడ్డ మనిషి పెదాల వైపే వాళ్ళందరి కళ్ళూ ఉన్నాయి.

"రాత్రి కాపలాకి అక్కడ ఇద్దరేసి మందిని వేస్తారు. కుడి పక్క వినాల్సింది నా తోటివాడు, ఎడమ పక్క నేను. నా లోటు వాడికి తెలియకుండా నెట్టుకొస్తున్నాననుకున్నానక్కా. తప్పు చేస్తున్నది నేనొక్కణ్నేనని సిగ్గుపడ్డాను కూడా." బూటు కొసతో నేల మీద గీత గీశాడు. "ఇప్పుడు వాడికి ఎన్ని చెవులున్నాయో కనుక్కోవాలి."

నవ్వబోయాడు కానీ రాలేదు. ఆ సెలవులో వాడి ముఖంలో మొదటిసారిగా నాన్నని చూశాను. టీవీ కట్టేసిన నాన్నని.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాం. అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. నాన్న నుంచి ఒక తిట్టయినా వస్తుందని కాచుకున్నాను. ఆయన అరచేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు.

"వెళ్తావా?" అన్నాడు.

"వెళ్తాను నాన్నా. వాళ్ళ కోసం కాదు."

"నాకు తెలియదట్రా ఆ సంగతి?" అన్నాడు నాన్న.

వాడు బయల్దేరిన రోజు పొద్దున బస్టాండుకి ముగ్గురమూ వెళ్ళాం. సెలూనాయన షాపు తెరవకుండా వచ్చి, తమ్ముడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదిలేసి, నాన్న ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. బస్సులో అప్పటికే మా వెనక వీధి లారీ డ్రైవర్ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. తమ్ముడు సంచి పైన పెట్టి వాడి పక్కన చతికిలబడ్డాడు. ఆ కిటికీ కిందే మేము నిలబడ్డాం.

"అందరూ వచ్చేశారా?" అన్నాడు తమ్ముడు.

"ఏంటి?" అన్నాడు డ్రైవర్.

"ఆఁ?"

"ఏమన్నావురా?"

"నువ్వేమన్నావ్?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డ్రైవర్ మెల్లిగా చెయ్యెత్తి తన ఎడం చెవి తాకాడు. తమ్ముడు కుడి చెవి తాకాడు. ఆ పైన డ్రైవర్ ముందు సీటు కమ్మీ మీద తల ఆనించుకుని నవ్వడం మొదలుపెట్టాడు. తమ్ముడు వాడి వీపు మీద ఒక్కటిచ్చాడు.

"లేవరా సన్నాసీ, లే! ఇటు రా!"

చోట్లు మార్చుకున్నారు. తమ్ముడు కిటికీ వైపు వచ్చాడు. ఇప్పుడు వినపడే చెవులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తలలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకోసాగారు. బస్సు స్టార్టయింది. ఆ హోరులో కూడా వాళ్ళ మాట ఆగలేదు. వాడంత తేలిగ్గా, ఎవరి ముఖమూ చూడకుండా మాట్లాడటం ఆ ఎండాకాలంలో అదే మొదటిసారి.

అమ్మ కిటికీ కిందకి జరిగి వాణ్ని పేరు పెట్టి పిలిచింది. వాడు తిరగలేదు. ఇంకోసారి పిలవబోతూ కిటికీ కమ్మీ మీద చెయ్యి వేసింది.

నాన్న ఆ చెయ్యి పట్టుకుని మెల్లిగా కిందకి దించాడు.

"పిలవకే," అన్నాడు. "మాట్లాడుకోనీ."